ఓడ ఆగితే ఎవరికి నష్టం?

భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన రొయ్య ప్రాసెసింగ్ ప్లాంటుకు వెళ్తుంది. అక్కడ ఐసు గడ్డలా మారి, ఫ్రిజ్ లాంటి రీఫర్ కంటైనర్‌లో పోర్టుకు చేరుతుంది. పోర్టులో ఒక్క రోజు ఎక్కువ ఆగినా కరెంటు ఛార్జీ, యార్డు అద్దె పెరుగుతాయి. పోటీ ఎక్కువ కాబట్టి విదేశీ కొనుగోలుదారు ఆ డబ్బు అంత తేలిగ్గా ఇవ్వడు. ఎగుమతిదారు కొంత భరిస్తాడు, మిగతాది రైతుకిచ్చే రేటులో కోత పడుతుంది. రేవులో జరిగిన ఆలస్యం చెరువు గట్టు దాకా వస్తుందన్నమాట.

ప్రపంచ వాణిజ్యంలో పరిమాణం లెక్కన 80 శాతానికి పైగా సముద్రం మీదే నడుస్తుంది. మన దేశానికైతే అది సుమారు 95 శాతం. వర్ధమాన దేశాలు ఎక్కువగా అమ్మేది ఖనిజం, బియ్యం, బట్టలు లాంటివి. వీటిలో లాభం తక్కువ, రవాణా ఖర్చు వాటా ఎక్కువ. అందుకే పోర్టు నెమ్మదిస్తే దెబ్బ వాళ్లకే గట్టిగా తగులుతుంది.

మరి ఓడలు ఎందుకు ఆగుతాయి? బెర్తులు చాలక అనుకుంటాం. మన క్యూయింగ్ థియరీతో ఒక లెక్క వేద్దాం. ఒకే బెర్తు ఉంది, ఓడలు ఒక పద్ధతి లేకుండా వస్తున్నాయి, ఒక్కో ఓడకు పని సగటున ఒక రోజు. ఎం/ఎం/1 మోడల్ ప్రకారం బెర్తు 50 శాతం బిజీగా ఉంటే సగటు వెయిటింగ్ ఒక రోజు. 90 శాతం బిజీ అయితే ఏకంగా తొమ్మిది రోజులు! ఇప్పుడు అదే రద్దీలో పని 20 శాతం తక్కువ సమయంలో ముగిసిందనుకోండి. వెయిటింగ్ దాదాపు రెండు రోజులకు పడిపోతుంది. కొత్త బెర్తు ఒక్కటీ కట్టలేదు. నిజమైన పోర్టు ఇంత సింపుల్‌గా ఉండదు కానీ, సూత్రం మాత్రం ఇదే.

ప్రపంచ బ్యాంకు కంటైనర్ పోర్టుల పనితీరు సూచీ కూడా చూసేది పోర్టు ఎంత పెద్దదని కాదు, ఓడ అక్కడ ఎంతసేపు గడిపిందని. అందులో 2022లో 115వ స్థానంలో ఉన్న విశాఖ, 2023లో మొదటి 20లోకి వచ్చింది.

వేగం ఉంటే చాలు, సరుకు దానంతట అదే వస్తుందా? రాదు. పక్కనే ఉన్న శ్రీలంకను చూడండి. కొలంబో చిన్న ఓడల్లోంచి పెద్ద ఓడల్లోకి కంటైనర్లు మార్చే పెద్ద కేంద్రం. మన దేశపు సరుకు కూడా ఏళ్ల తరబడి అక్కడ ఓడ మారింది. అదే దేశంలో 2010లో అప్పు తెచ్చి హంబన్‌తోట పోర్టు తెరిచారు. లోతుంది, ప్రధాన ఓడల దారి దగ్గరే ఉంది. కానీ వెనక పరిశ్రమలు లేవు, చాలినంత సరుకు లేదు. చివరికి 2017లో 99 ఏళ్లకు ఒక చైనా కంపెనీకి లీజుకిచ్చారు.

మన దగ్గర మూలపేట, మచిలీపట్నం, రామాయపట్నం పోర్టులు చేపట్టారు. ఎన్ని బెర్తులు, ఎంత లోతు అన్న వార్తలు వస్తూనే ఉంటాయి. వాటితోపాటు మనం ఇంకో మూడు అడగాలి. రైలు పట్టా ఎప్పుడు చేరుతుంది? కస్టమ్స్ క్లియరెన్స్‌కు ఎన్ని గంటలు? గేటు వెనక ఏ ఫ్యాక్టరీలు వస్తున్నాయి? రైతు రేటు, మనలో కొందరి ఉద్యోగాలు కూడా ఆ జవాబుల మీదే ఆధారపడి ఉన్నాయి.