ఎర్రగీత పడని తప్పులు

"ఆమె కాళ్ళు చెమర్చాయి."

మూడేళ్ళ క్రితం మన సంఘం ఉగాది కథల పోటీలో బహుమతి పొందిన కథలో, సరిగ్గా చదివేవారికి కన్నీళ్ళు రావలసిన చోట, ఈ వాక్యం అచ్చయింది. చెమర్చవలసినవి కళ్ళు. రచయిత పాతికేళ్ళ కుర్రాడు, అదే మొదటి కథ. వాళ్ళ నాయనమ్మకి చదివి వినిపిస్తుంటే ఆవిడ మధ్యలో ఆపి, "పాపం, ఎండలో నడిచొచ్చిందా?" అని అడిగిందట. ఆ అబ్బాయి నాకు ఫోన్ చేశాడు గాని కోప్పడలేదు. "పరవాలేదు అంకుల్" అన్నాడు. ఆ 'పరవాలేదు' నాకు రెండు రోజులు అన్నం సహించనివ్వలేదు. ఆ సంచికకి ప్రూఫులు దిద్దినవాణ్ణి నేనే మరి.

నేను కామర్సు చదువుకుని బ్యాంకులో చేరినవాణ్ణి. సాహిత్యంతో నా సంబంధం చదివి ఆనందించడం వరకే. కార్యవర్గ సమావేశంలో ఒక పెద్దాయన "లెక్కలు సరిచూసేవాడివి, అక్షరాలు సరిచూడలేవా?" అనడంతో ఈ పని నా మెడకి చుట్టుకుంది. మొదట్లో మహా తేలిగ్గా చేశాను. కథని కంప్యూటర్లో తెరిచి స్పెల్ చెక్ పెట్టడం, ఎర్రగీత పడ్డ మాటల్ని ఒక్కొక్కటే దిద్దడం, గీతలన్నీ పోగానే ప్రెస్సుకి పంపడం. గంటకి నాలుగు కథలు. ఇంతోటి పనికి పూర్వం పండితుల్ని ఎందుకు పెట్టుకునేవారో అని నవ్వుకున్నాను కూడా.

బీకాం మొదటి సంవత్సరంలో నేర్చుకున్న పాఠం అప్పుడు గుర్తు రాలేదు. అంకణా, అదే ట్రయల్ బ్యాలెన్స్, రెండు వైపులా సరిపోయినంత మాత్రాన లెక్కలు ఒప్పు అయిపోవు. ఒక వ్యవహారాన్ని అసలు రాయకుండా వదిలేస్తే అంకణాకి తెలియదు. ఒకరి ఖాతాలో వేయవలసింది మరొకరి ఖాతాలో వేస్తే తెలియదు. కొత్త యంత్రం కొన్న డబ్బుని మరమ్మతు ఖర్చు కింద రాసినా తెలియదు. ఒక తప్పుని ఇంకో తప్పు సరిగ్గా అంతే మొత్తంతో కప్పేస్తే అసలే తెలియదు. స్పెల్ చెక్ కూడా అంతే. ఆ మాట భాషలో ఉందా లేదా అని చూస్తుంది గాని, ఇక్కడ ఉండవలసిన మాట అదేనా అని చూడదు. కాళ్ళు అనే మాట భాషలో ఉన్నదే గదా! అన్నట్టు, అంకణాలో తేడా వస్తే మాకొక చిట్కా ఉంది. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే, 54కి బదులు 45 వేసినట్టు ఎక్కడో అంకెలు తారుమారై ఉండవచ్చునని ముందుగా అక్కడే వెతుకుతాం. అక్షరాలకి అంత పాటి చిట్కా కూడా లేదు.

ఆ సంచిక తరవాత పాత సంచికలన్నీ తీసి, ఎర్రపెన్ను పట్టుకుని మళ్ళీ చదివాను. కడుపు తరుక్కుపోయింది. "బహుమతి ప్రధానం చేశారు" అని ఉంది. బహుమతిని ప్రదానం చేస్తారు. ప్రధానం పెళ్ళికి ముందు జరిగేది. "నాకంతా అర్ధమైంది" అంటాడు కథానాయకుడు. అర్ధం అంటే సగం. అర్థం కావలసింది సగమయిందన్న మాట. ఇంకో కథలో "దేశంలో వచ్చిన పరిమాణాలు" ఉన్నాయి, పరిణామాలు కావాలి. "ఎంత చెప్పిన వినలేదు" అన్నచోట ఒక్క దీర్ఘం ఎగిరిపోయి వాక్యం కుంటుతోంది. "అమ్మ అన్నం పెట్టె వేళ" అన్నచోట దీర్ఘం లేక అన్నం పెట్టెలోకి వెళ్ళింది. వీటిలో ఒక్కదాని కిందా ఎర్రగీత పడదు. అన్నీ పెద్దమనిషి తరహా మాటలే, కూర్చున్న కుర్చీలే వేరు. స్వజనం అని రాయబోయి శ్వజనం అని రాస్తే చుట్టాలు కాస్తా కుక్కలవుతారని సంస్కృత పండితులు పిల్లల్ని హెచ్చరించేవారట. కంప్యూటరుకి ఇద్దరూ సమానమే.

మనవాళ్ళ విషయంలో ఇంకో చిక్కుంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. బళ్ళో తమిళం చదువుకుని తెలుగు ఇంట్లో చెవితో నేర్చుకున్నవారికి కథ, కధ, కద మూడూ ఒకలాగే వినిపిస్తాయి. దాన్ని నేను తప్పుపట్టను. అచ్చ తెలుగు జిల్లాల్లో బోర్డుల మీదే 'కధ' కనిపిస్తుంటే మన తిరువళ్ళూరు పిల్లల్ని ఏమనగలం?

పోనీ ఎర్రగీత పడ్డవన్నీ తప్పులా అంటే అదీ కాదు. "వెళ్ళలేకపోతున్నామనుకుంటున్నారేమో" అని రాసి చూడండి. మనింట్లో ఏ అవ్వయినా ఒక్క గుక్కలో అనే మాట. తెలుగులో క్రియకి తోకలు తగిలిస్తూ పోవచ్చు, రెండు మాటల్ని సంధి చేసి ఒకటి చేయవచ్చు. వాటన్నిటినీ ఏ నిఘంటువులోనూ ముందుగా పోసి పెట్టలేరు. అంచేత ఒప్పుల కింద గీతలు పడతాయి, తప్పుల కింద పడవు. నాలుగు పేజీల కథలో నలభై గీతలు చూసి విసుగెత్తినవాడు నలభై ఒకటో గీతని, అది నిజంగా తప్పే అయినా, చూడకుండా దాటేస్తాడు. ఆ విసుగు వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

ఇవి మాటల సంగతి. కథల్లో అంతకన్నా పెద్ద తప్పులుంటాయి. ఒకసారి త్యాగరాజస్వామి తిరువళ్ళూరులో పుట్టారని వచ్చింది. మనకి సంతోషమే గాని ఆయన 1767లో పుట్టింది తంజావూరు సీమలోని తిరువారూరులో. రెండూ నిజమైన ఊళ్ళే. ఇంకో కథలో 1955లో తిరుత్తణి రైతు భూమి తగాదా గురించి చెంగల్పట్టు కలెక్టరు దగ్గరికి వెళతాడు. అప్పటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉంది. 1960 ఏప్రిల్ 1న గదా మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఒకే ఊరు, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టినప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లా, 1911 నుంచి చిత్తూరు జిల్లా, 1960 నుంచి చెంగల్పట్టు జిల్లా, 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లా. ఇక్కడి కథకులకి ఇల్లు కదలకుండానే అడ్రసు మారిపోయింది. అలాగే 1975లో జరిగే కథలో నాయిక "చెన్నై" రైలెక్కుతుంది. ఆ పేరు 1996లో గాని అధికారికం కాలేదు. ఇక నా వృత్తి కనక నన్ను బాగా గుచ్చినది: 2018లో రెండో శనివారం నాడు నాయకుడు బ్యాంకుకి వెళ్ళి డబ్బు తీసుకుంటాడు. 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు మాకు సెలవండీ!

కాబట్టి పద్ధతి మార్చుకున్నాను. నేను చేరిన కొత్తల్లో చేత్తో రాసే లెడ్జర్లుండేవి. సాయంత్రం 'కాలింగ్ ఓవర్' అని చేసేవాళ్ళం. ఒకడు ఓచరు చూసి పైకి చదువుతాడు, ఇంకొకడు లెడ్జరు చూసి టిక్కు పెడతాడు. రాసినవాడు తన పేజీని తానే సరిచూడకూడదు. ఎందుకంటే తను రాయదలచుకున్నదే కళ్ళకి కనిపిస్తుంది, రాసింది కనిపించదు. ఇప్పుడు మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడ రచయిత పంపిన ప్రతిని పైకి చదువుతుంది, నేను టైపయిన కాగితం మీద స్కేలు పెట్టుకుని ఒక్కొక్క పంక్తి దిగుతాను. కాగితమే, తెర కాదు. పేర్లు, వయసులు, ఊళ్ళు, వారాలు వేరే కాగితం మీద రాసుకుంటాం. రెండో పేజీలో మేనత్త ఆరో పేజీలో పినతల్లి అయితే అక్కడ దొరుకుతుంది. కథకి రెండు రాత్రులు పడుతుంది. పూర్వం వావిళ్ళ వారి ప్రతి అంటే నమ్మి చదువుకోవచ్చుననే పేరుండేది. 1854లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులు గారు మద్రాసులో మొదలుపెట్టిన ఆ ముద్రణాలయానికి అంత పేరు ఎందుకొచ్చిందో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఇంతా చేసి, నా అసలు తప్పు ఆ తరవాతే చేశాను.

తిరుత్తణి నుంచి డెబ్భైకి దగ్గరపడ్డ ఒకావిడ రూళ్ళ నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసిన కథ పంపారు. వాళ్ళ అమ్మ చెరుకుతోట కాపలా కాసిన రోజుల కథ. చదువుతుంటే మనసు కరిగిపోయింది. నేనే టైపు చేశాను. 'ఉండాది', 'పొయ్యింది', 'ఈడ', 'జాస్తి', 'రొంత', 'మాదిరి', 'సద్ది' అన్నిటి కిందా ఎర్రగీతలు. పద్ధతి నేర్చిన గర్వంలో ఉన్నాను కదా, అన్నీ శ్రద్ధగా దిద్దాను. ఉంది, వెళ్ళింది, ఇక్కడ, ఎక్కువ, కొంచెం, లాగా, చద్ది. 'అవ్వ'ని అమ్మమ్మ చేశాను. ప్రూఫు పంపాను. మెచ్చుకుంటారనుకున్నాను.

వారం తరవాత ఫోన్ వచ్చింది. "నాయనా, కత బాగుండాది. కానీ ఇది నేను రాసింది కాదే."

"అవే మాటలమ్మా, అచ్చుతప్పులు మాత్రం దిద్దాను" అన్నాను.

"మాయమ్మ బతికినన్నాళ్ళూ 'ఉంది' అనలేదు నాయనా, 'ఉండాది' అనే అనింది. నీ కాయితంలో మాయమ్మ ఎవురో పరాయి ఊరామె మాదిరి మాట్లాడతా ఉండాది. నాకు గుర్తు పట్టేదానికి కాలేదు. అచ్చెయ్యొద్దులే, నా పుస్తకం నాకు పంపించెయ్యి."

ఆ ఆదివారం అరక్కోణం మీదుగా వెళ్ళే రైలెక్కి తిరుత్తణి వెళ్ళాను. నోటుపుస్తకం, ప్రూఫు రెండూ పట్టుకెళ్ళాను. మనవరాలు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. చక్కగా తెలుగు మాట్లాడుతుంది, ఒక్క అక్షరం చదవలేదు. 2006 చట్టం తరవాత బడికెళ్ళిన పిల్ల. ఆవిడ కథ రాసింది ఆ పిల్ల కోసమేనట. ఎప్పటికైనా చదవడం నేర్చుకుంటే, ముత్తవ్వ గొంతు దొరకాలని.

బ్యాంకులో చెక్కు మీది సంతకాన్ని మేము దేనితో పోలుస్తాం? అందమైన దస్తూరీతో కాదు. ఆ ఖాతాదారు ముందే ఇచ్చిన నమూనా సంతకంతో. వంకరగా ఉన్నా, కార్డులోనూ అదే వంకర ఉంటే డబ్బిచ్చేస్తాం. ఈ సంగతి ముప్ఫయ్యేళ్ళుగా తెలిసినవాణ్ణి, ఆవిడ సంతకాన్ని గుంటూరు సంతకంతో పోల్చి చెక్కు తిప్పికొట్టాను. ఇద్దరం అరుగు మీద కూర్చుని మొదటినుంచీ చదివాం. 'ఉండాది' పందొమ్మిది చోట్ల ఉంటే పందొమ్మిది చోట్లా అలాగే రాశారు. అది తప్పెలా అవుతుంది? ఒకచోట 'చెరుకు', ఒకచోట 'చెరకు' అని ఉంది. అడిగితే "చెరుకే" అన్నారు. అది దిద్దాం. ప్రూఫు దిద్దడమంటే ఇదన్న మాట. రచయిత భాషని రచయిత భాషతోనే సరిచూడాలి.

ఈ మాట నా కన్నా ముందు పెద్దవాళ్ళకి తెలుసు. తెలుగు ఇంటివాడైన తమిళ రచయిత కి. రాజనారాయణన్ గారు కరిసల్ సీమ మాటలకి ఏకంగా నిఘంటువే కూర్చారు; 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన ఆయన 'గోపల్లపురత్తు మక్కళ్' వలస వెళ్ళిన తెలుగువాళ్ళ కథే. చిత్తూరు పల్లె మాటల్లో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు రాశారు. మనకి కూతవేటు దూరంలోని పులికాట్ సరస్సు పల్లెల తెలుగులో స.వెం. రమేశ్ గారు 'ప్రళయకావేరి కథలు' రాశారు. వాటిని నాలాంటివాడు దిద్ది ఉంటే ఏం మిగిలేది? ఈమధ్య వాక్యం వాక్యమే దిద్దిపెట్టే కృత్రిమ మేధ వచ్చింది. సందర్భం కొంత చూస్తుంది, కాళ్ళని కళ్ళు చేస్తుంది కూడా. కానీ ఒక పేరా ఇచ్చి చూశాను, 'ఉండాది'ని నాకన్నా వేగంగా 'ఉంది' చేసింది.

బయల్దేరబోతుంటే ఆవిడ మన పాత సంచిక ఒకటి తీసుకొచ్చారు. నేను రెండు రాత్రులు కాలింగ్ ఓవర్ చేసిన కథ చూపించి, "ఆడి కృత్తిక నాడు సాయంత్రం కొండమింద పండు వెన్నెల కాసిందని ఏసినారే, ఎట్ల నాయనా?" అన్నారు. నాకు అర్థం కాలేదు. "ఆడి నెలలో కృత్తిక ఎప్పుడూ బహుళంలోనే గదా వచ్చేది. అష్టమి, నవమి, దశమి ఆ దాపున. చంద్రుడు నడిరేయికి గానీ పైకి రాడు. కావళ్ళోళ్ళు చీకట్లోనే మెట్లెక్కుతారు. పున్నమి వచ్చేది కార్తీకంలో కృత్తికకి." ఇంటికొచ్చి పంచాంగాలు తీసి చూశాను. ఏ ఏడు చూసినా అంతే. ఆ కథ రాసినాయన ఎంఏ, నేను బీకాం, పత్రిక అచ్చేసే ముందు చూసినవాళ్ళు ఇంకో ముగ్గురు. 365 మెట్లున్న ఆ కొండ కింద పుట్టి పెరిగిన మనిషిని ఎవరం అడగలేదు.

అప్పటినుంచి తిరుత్తణి నేపథ్యం ఉన్న ప్రతి కథా ముందు ఆవిడ దగ్గరికి వెళుతోంది.

ఆవిడ కథ మాత్రం కిందటి సంక్రాంతి సంచికలో, ఆవిడ రాసినట్టే అచ్చయింది. నేను, మా ఆవిడ మూడుసార్లు చదివి సరిచూశాం. పత్రిక అందిన మర్నాడే ఫోన్ చేశారు. "శానా సంతోషం నాయనా. మాయమ్మ మాట్లాడినట్టే ఉండాది. ఒక్కటే, రెండో పేజీలో సున్న పోయింది చూడు."

చూశాను. నిజమే. వాళ్ళ నాయన చెరుకుతోటలో పడి గెనాలన్నీ తొక్కేసిన అడవి పంది, అచ్చులో 'అడవి పది' అయింది. ఎర్రగీత పడలేదు.