ఆయుధము – ఆగ్రహము

ఎక్కడనైనను కాల్పులు జరిగి పలువురు మరణించినప్పుడు రెండు వాదములు వినవచ్చుచుండును. ఆయుధము సులభముగా దొరకుటయే అనర్థమునకు మూలమని కొందరందురు. ఆయుధమునకు ప్రాణము లేదు, దానిని పట్టిన మనుష్యుని ద్వేషమే మూలమని మరికొందరందురు. అమెరికాలో ఈ వాదము ఎడతెగక సాగుచున్నది. అయితే ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. గిద్దలూరు, మార్కాపురము సీమల అంచున నిలిచిన నల్లమల ఈ ప్రశ్నను ఏనాడో మన ముంగిటికి తెచ్చినది.

ముందుగా చట్టమును చూతము. 1878లో ఆంగ్ల ప్రభుత్వము చేసిన ఆయుధ చట్టమునకు భారతీయులపై అపనమ్మకమే ఆధారము. స్వతంత్ర భారతము 1959లో క్రొత్త చట్టము చేసికొన్నది. అది 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకొనరాదనుట దాని మూలసూత్రము. అడవిపందుల బారినుండి పంటను కాపాడుకొను రైతునకు, మూతినుండి మందుకూరు తుపాకికై లైసెన్సు కోరుటకు అందు వీలు కలదు. ఒక వ్యక్తి మూడు తుపాకులవరకు ఉంచుకొనవచ్చునన్న నియమమును 2019లో రెంటికి తగ్గించిరి. ఎన్నికల వేళ లైసెన్సుదారుల తుపాకులను పోలీసుఠాణాలలో అప్పగింపజేయుట మన ఊళ్లలో అందరెరిగినదే.

ఇట్టి కట్టుబాటువలన ప్రయోజనమున్నదా? ఉన్నది. 1996 ఏప్రిల్ 28న ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒకే వ్యక్తి 35 మందిని కాల్చిచంపెను. ఆ దేశము వెంటనే చట్టమును బిగించి, సుమారు 6,50,000 తుపాకులను జనులనుండి కొని ధ్వంసము చేసినది. తరువాతి ఇరువది యేండ్లలో అట్టి సామూహిక హత్యలు అక్కడ మిక్కిలి అరుదైనవి. దీని కారణము సులభముగా తెలియును. కర్ర పట్టినవాడు ఒకనిని కొట్టునంతలో నలుగురు అడ్డుపడవచ్చును. తుపాకి ఆ వ్యవధి నీయదు.

అట్లని తుపాకి లేనిచోట మారణకాండ ఉండదనుకొనరాదు. 1985 జూలై 17న, నాటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో ఆరుగురు దళితులు హతులైరి. అందుకు గొడ్డళ్లు, బరిసెలే చాలినవి. దానికి ముందు జరిగినది మంచినీటి చెరువువద్ద ఒక తగవు. నీటిని మలినము చేయవద్దని దళితులు ఎదురు పలుకుటను పెత్తనమునకు అలవడినవారు సహింపలేకపోయిరి. అక్కడ లైసెన్సుల చట్టము ఎంత కఠినమైనను ఆ ప్రాణములు నిలిచెడివి కావు. ఇట్టి ఘోరముల అనంతరమే 1989లో షెడ్యూల్డు కులముల, తెగల అత్యాచార నిరోధక చట్టము వచ్చినది. రాయలసీమ కక్షలలో ప్రసిద్ధికెక్కిన నాటుబాంబును గూడ ఎవరును లైసెన్సు తీసికొని చేయలేదు.

ఈ రెండు వాదములును ఒకే బల్లపైకి వచ్చిన సందర్భము మన నల్లమలకు సంబంధించినదే. ఏండ్ల తరబడి ఈ అడవి చుట్టునున్న గ్రామములు రెండు తుపాకుల నడుమ బ్రదికినవి. ఒకరికి అన్నము పెట్టినచో రెండవవారి అనుమానము. రెండవవారితో మాటాడినచో మొదటివారి శిక్ష. 2004 అక్టోబరులో నక్సలైటు నాయకులు అడవినుండి వెలుపలికి వచ్చి, 15 నుండి 18 వరకు హైదరాబాదులో ప్రభుత్వముతో చర్చలు జరిపిరి. ఎస్.ఆర్. శంకరన్ మొదలైన పౌరప్రముఖులు ఇందుకు పాటుపడిరి. గ్రామములలోనికి ఆయుధములతో రారాదని ప్రభుత్వము కోరెను. అందుకు ఎదుటిపక్షము సమ్మతింపలేదు. భూమి పంపిణీ మాట మొదట తేలవలెనని వారు పట్టుబట్టిరి. 2005 జనవరిలో చర్చలు భగ్నమయ్యెను. ఆగస్టులో నిషేధము తిరిగి వచ్చెను. ఆ సంవత్సరమే మరల రక్తము ప్రవహించెను.

అయినను ఆ ప్రయత్నము పూర్తిగా వృథా కాలేదు. భూసమస్యల పరిశీలనకు నియమితమైన కోనేరు రంగారావు కమిటీ 2006లో 104 సిఫారసులు చేసినది. ఆయుధము విషయమున కుదరని ఒడంబడిక, కారణము విషయమున ఒక అడుగైనను వేయించినది.

దీనినిబట్టి మేము చెప్పదలచినది ఇంతే. ఆయుధమును అదుపుచేయుట ఒక పని, ఆగ్రహమునకు మూలమును తొలగించుట మరియొక పని. మొదటిది ముగిసినగాని రెండవది మొదలుపెట్టమని ప్రభుత్వమును, రెండవది ముగిసినగాని మొదటిది ఒప్పుకొనమని ఎదుటివారును భీష్మించినచో, నడుమ నలిగిపోవునది ఏ ఆయుధమును లేని గ్రామస్థుడే. దొంగచాటుగా తయారగు నాటుతుపాకిని పట్టుకొనుటకు పోలీసు ఎంత అవసరమో, చెరువు తగవును, పట్టా తగవును ముదరకముందే విని తీర్పుచేయు రెవిన్యూ అధికారియు అంతే అవసరము. ఈ రెండు పనులును ఒకే దినమున మొదలు కావలెను.