సాంచెల మాటలు ఏ అరలో పెట్టాలి?

సిరిసిల్లలో పెరిగినవాళ్లకు సాంచె, కండె, వార్పిన్, వైపని, ఆసామి అనే మాటలు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. పక్క బెంచీలో కూర్చున్న కోరుట్ల దోస్తుకు మాత్రం చెప్పాల్సి వస్తుంది. మనలో ఒకరు ఈ మాటలన్నీ పోగేసి, అర్థాలు రాసి, నాలుగు ఫోటోలు చేర్చి, గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా ఒక సైటు పెట్టారనుకుందాం. మొదటి వారం ఇంట్లోవాళ్లు, హాస్టల్ రూమ్మేట్లు చూస్తారు. తర్వాత ఎవరూ రారు. ఎందుకంటే ఆ పేజీకి బయటినుంచి ఒక్క లింకూ లేదు. సెర్చ్ ఇంజిన్ రోబో ముఖ్యంగా లింకులు పట్టుకునే నడుస్తుంది.

ఇక్కడే వెబ్ డైరెక్టరీ పనికొస్తుంది. ఇది సెర్చ్ ఇంజిన్ కాదు. మన లైబ్రరీలో పుస్తకాల అరల్లాగా, మనుషులు చూసి సైట్లను విభాగాల్లో సర్దిన జాబితా. 1994లో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో మొదలుపెట్టిన యాహూ మొదట ఇలాంటి జాబితానే. 1998లో వచ్చిన డీమోజ్‌ను వాలంటీర్ ఎడిటర్లు నడిపారు. అది 2017 మార్చిలో మూతపడింది. దాని వారసత్వాన్ని ఇప్పుడు కర్లీ కొనసాగిస్తోంది. తెలుగులోనైతే కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటివి బ్లాగులను ఒకచోట చేర్చాయి. అవి డైరెక్టరీలకు దగ్గరి చుట్టాలే. కాకపోతే వాటికి సైటు చిరునామాతోపాటు ఫీడ్ కూడా కావాల్సి వచ్చేది, కొత్త టపా పడగానే చూపించడానికి.

సైటును సమర్పించడం రెండు నిమిషాల పని. అసలు తిప్పలంతా సరైన అర వెతకడంలోనే. మన సాంచెల సైటు ఎక్కడికి పోవాలి? వ్యక్తిగత పేజీల్లోకా, చేనేత–జౌళిలోకా, ఆసియా–ఇండియా–రాష్ట్రం అంటూ దిగే ప్రాంతాల విభాగంలోకా? నన్నడిగితే, సైటులో మీ గురించి ఎక్కువుంటే మొదటిది, మాటల గురించి ఎక్కువుంటే జౌళి. పేజీలు తెలుగులో ఉంటే ముందు తెలుగు విభాగమే చూడాలి. ఊరిని వెతికేటప్పుడు ఇంకో చిక్కుంది. జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలైంది 2016 అక్టోబర్ 11న. అంతకుముందు రెండూ కరీంనగర్ కిందే. 2014 జూన్ 2కు ముందైతే ఆంధ్రప్రదేశ్‌లో. పాత జాబితాల్లో ఇంకా ఆ అడ్రసులే కనబడితే కంగారు పడొద్దు. పైగా ఇంగ్లిష్‌లో జగిత్యాలను ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాస్తారు. అందుకే ఊరి పేరు సైటులో తెలుగులోనూ ఉండాలి.

తర్వాత ఫారం. టైటిల్‌లో సైటు పేరే రాయండి. ‘తెలంగాణలోనే నంబర్ వన్’ అని రాస్తే ఎడిటర్ కొట్టేస్తాడు. వివరణ ఒకటి రెండు వాక్యాలు చాలు: ‘సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు వాడే మాటలు, వాటి అర్థాలు, ఫోటోలు.’ అంతే. ‘త్వరలో వస్తుంది’ అన్న బోర్డు పెట్టిన సైటును పంపొద్దు, ముందు కనీసం కొన్ని పేజీలు నింపండి. ఒకసారి పంపాక ఆగాలి. చూసేవాళ్లు వాలంటీర్లు, నెలలు పట్టొచ్చు. మళ్లీ మళ్లీ పంపితే పని తొందరగా అవదు.

‘ఐదొందల డైరెక్టరీల్లో పెడతాం, డబ్బు కట్టండి’ అనే ఆఫర్లు వస్తాయి. వాటి జోలికి పోవద్దు. ర్యాంకు కోసం నాసిరకం డైరెక్టరీల్లో పెట్టిన లింకులను గూగుల్ స్పామ్‌గానే చూస్తుంది.

కోడింగ్ ఇష్టమున్నవాళ్లకు 512 కేబీ క్లబ్ అని ఒక సరదా జాబితా ఉంది. కంప్రెస్ చేయకముందు పేజీ మొత్తం బరువు 512 కిలోబైట్లు దాటకూడదు. మీ పేరు చేర్చమని గిట్‌హబ్‌లోనే అడగాలి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. ‘సిరిసిల్ల’ అన్న మాటకే 27 బైట్లు, ఇంగ్లిష్‌లో రాస్తే 8. అయినా మన మాటల వల్ల బరువు పెరగదు లెండి, పెరిగేది ఫోటోల వల్ల, తెలుగు ఫాంటు వల్ల. ఫోటోలు చిన్నవి చేసి, ఫోనులో ఉన్న ఫాంటునే వాడుకుంటే సరిపోతుంది.

ఇంకొక్క మాట. ఫారంలో కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ రాయకండి. ఫైనలియర్ అయ్యాక అది పనిచేయకపోతే ఎడిటర్ అడిగిన ప్రశ్న మీకు చేరదు. సైటు చిరునామా మారితే ఆ సంగతి వెంటనే డైరెక్టరీకి చెప్పండి. పనిచేయని లింకును వాళ్లు తీసేస్తారు, మళ్లీ మొదట్నుంచి క్యూలో నిలబడాలి.