పిల్లలు నిద్రించే గదికి ఏ గోడ?

మా మదరసా మిద్దెపై విద్యార్థులకు రెండు పడకగదులు నిర్మించ తలపెట్టినప్పుడు, పాత స్లాబు ఇటుక గోడల బరువును మోయలేదని ఇంజినీరు తేల్చి చెప్పారు. ఇనుప చట్రానికి బిగించే రెడీమేడ్ ప్యానెళ్ల విచారణలో మేము పడింది అప్పుడే.

మొదట చూపినవి రెండు రేకుల నడుమ థర్మాకోల్ నింపినవి. ధర తక్కువ. 50 మిల్లీమీటర్ల థర్మాకోల్ ఆపే వేడిని ఆపాలంటే ఇటుక గోడ సుమారు మీటరు మందం ఉండాలి! పఫ్ ప్యానెళ్లు ఇంకా మెరుగు. నమూనాను చేతబట్టి మేము సంబరపడిన మాట వాస్తవం.

మరి నిప్పంటుకుంటే? థర్మాకోల్ 100 డిగ్రీల దాపుననే మెత్తబడుతుంది. మంట తగిలితే కరిగి మండుతుంది. పఫ్ మండితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తోపాటు సైనైడ్ వాయువు కూడా ఉంటుంది. మంటను నెమ్మదింపజేసే రసాయనాలు కలిపిన రకాలున్నాయి గాని, అవీ మండనివి కావు. ఆ గదిలో రాత్రివేళ నిద్రించేది తల్లిదండ్రులు మాకు అమానతుగా అప్పగించిన బిడ్డలు.

రాక్‌వూల్ అనేది శిలను కరిగించి తీసిన పీచు. అది మండదు. వేడిని ఆపడంలో థర్మాకోల్‌కు దాదాపు సమానమే. అయితే బరువు, ధర ఎక్కువ. తడిస్తే గుణం చెడుతుంది కనుక అతుకులను దగ్గరుండి మూయించాలి. నేలపై కట్టుకునే గృహస్థులకైతే ఏఏసీ దిమ్మెలే మేలని మా అభిప్రాయం: అవి మండవు, మామూలు ఇటుకకంటే ఎంతో తేలిక. ఏ గోడ కట్టినా, కప్పుకు వట్టి రేకు వేస్తే వేడి పైనుండి దిగుతుంది.

మేము రాక్‌వూల్‌నే ఎంచుకున్నాము. చేతనున్న సొమ్ముతో ఒక్క గదే పూర్తయింది. మిగిలిన పిల్లలు ఈ వేసవికి క్రింది వరండాలోనే పడుకుంటున్నారు.