చిన్న కంప్యూటర్‌కు ఇరుకు దారి

అమ్మకో నాన్నకో బదిలీ అయితే పెన్సిల్ డబ్బాలో సర్దుకుపోగల కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. అంత చవకగా ఎలా ఇచ్చారు? అందులో హార్డ్ డిస్క్ లేదు. మెమరీ కార్డే దాని బీరువా.

మన కోల్‌కతా చాందినీ మార్కెట్‌లో కార్డు కొనబోతే అట్ట మీద 'సెకనుకు 100 మెగాబైట్లు' అని కనిపిస్తుంది. దాన్ని చూసి మురిసిపోకండి. పై 4లో కార్డు దారి 50కి మించి పంపలేదు. హౌరాలో రైలు ఎంత త్వరగా వచ్చినా, గేటు ఇరుకైతే జనం మెల్లగానే కదులుతారు కదా!

పైగా ఆ అంకె ఒక పెద్ద ఫైలును వరసగా చదివినప్పటిది. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వెతికేది వేలకొద్దీ చిన్న ఫైళ్లను, ఒక్కోటి ఒక్కో మూల. అందుకే కార్డు మీద 'ఏ1' గుర్తు చూడాలి. సెకనుకు కనీసం 1500 సార్లు అలా వెతికి చదవగలదని దాని అర్థం. 'ఏ2' అయితే 4000, కానీ ఆ వేగం అన్ని బోర్డుల్లోనూ అందదు.

పై 4లో నీలిరంగు యూఎస్‌బీకి ఎస్‌ఎస్‌డీ తగిలిస్తే వేగం బాగా పెరుగుతుంది. ఖర్చూ పెరుగుతుంది, కరెంటూ ఎక్కువ లాగుతుంది, పెన్సిల్ డబ్బా చాలదు. ప్రోగ్రాములు రాయడం నేర్చుకునేవాళ్లకు మంచి కార్డు చాలని నా అభిప్రాయం.

కాలబైశాఖి గాలులకు కరెంటు పోతే మాత్రం, రాస్తున్న ఫైలు పాడైపోవచ్చు. వారానికోసారి ఇంకో కార్డులోకి కాపీ చేసుకోండి. కొత్త ఊళ్లో అదే రకం బోర్డులో ఆ కార్డు పెడితే, ఇక్కడ ఆపిన ప్రోగ్రామే అక్కడ తెరుచుకుంటుంది.