పీపా పక్కన పుస్తకం

బాగా కుదిరిన ఇంటి బీరు మళ్లీ అలాగే కుదరాలంటే ఏం రాసుకోవాలి?

అమెరికా అధ్యక్షుడు కావడానికి ముప్పై రెండేళ్ల ముందు, 1757లో, జార్జ్ వాషింగ్టన్ తన నోట్‌బుక్‌లో తేలికపాటి బీరు చేసే పద్ధతి రాసిపెట్టుకున్నాడు. ఆ పుస్తకం న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో భద్రంగా ఉంది. మూడు గంటలు మరగబెట్టి వడకట్టిన 30 గ్యాలన్ల ద్రావణానికి 3 గ్యాలన్ల మొలాసిస్, ఒక క్వార్ట్ ఈస్ట్. అంతవరకూ లెక్క బాగానే ఉంది. చేదునిచ్చే హాప్స్ పువ్వులు ఎన్ని వేయాలంటే మాత్రం రుచికి తగినన్ని. ఈస్ట్ ఎంత వేడి మీద కలపాలంటే ఒంటి వెచ్చదనం కంటే కాస్త ఎక్కువ ఉన్నప్పుడు. మరీ చలిగా ఉంటే పైన దుప్పటి కప్పాలి. అలా చేసిన బీరు ఎలా ఉందో ఒక్క ముక్క కూడా లేదు.

ఇంట్లో బీరు చేసే చాలామంది పుస్తకాలు ఈనాటికీ ఇలాగే ఉంటున్నాయి. దినుసులు వివరంగా ఉంటాయి, జరిగిన సంగతి ఉండదు. రుచి అద్భుతంగా కుదిరినా, చెడినా కారణం వెతుక్కోవడానికి అందులో ఆధారం దొరకదు.

ఈనాటి ఇంటి బీరు అభిరుచికి పెద్ద నెలవులు అమెరికా, బ్రిటన్‌లు. బ్రిటన్ 1963లో లైసెన్సు నిబంధన తీసేసింది. అమెరికాలో 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకంతో అనుమతి వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా చేసుకోవచ్చు, అమ్మకూడదు. చివరి రెండు రాష్ట్రాలు అలబామా, మిసిసిపీ 2013లో ఒప్పుకున్నాయి. మన దగ్గర లైసెన్సు లేకుండా మద్యం తయారీ నేరం. కాబట్టి ఈ కథనంలోని పద్ధతులు చట్టం ఒప్పుకున్న చోట ఉంటున్న తెలుగువాళ్లకే పనికొస్తాయి.

రెండు అంకెలు పక్కపక్కన

మాల్ట్ చేసిన బార్లీని వేడినీళ్లలో నానబెడితే పిండి చక్కెరగా మారుతుంది. ఆ తీపి ద్రావణం పేరు వర్ట్. అందులో హైడ్రోమీటర్ ముంచితే నీటికంటే ఎంత చిక్కగా ఉందో తెలుస్తుంది. పులియకముందు 1.050, పులిశాక 1.010 వచ్చిందనుకుందాం. తేడాను 131తో గుణిస్తే ఆల్కహాలు సుమారు 5.2 శాతం. ఈ రెండు అంకెలూ దాదాపు అందరూ రాస్తారు. పక్కన ఉండాల్సిన మూడో అంకెనే వదిలేస్తారు, వర్ట్ ఎన్ని లీటర్లు వచ్చిందన్నది.

అది లేకపోతే ఏమవుతుందో చూడండి. 19 లీటర్లు, 1.050 అనుకుని మొదలుపెట్టారు. హైడ్రోమీటర్ 1.044 చూపించింది. మాల్ట్ సరిగా నలగలేదని, నానబెట్టిన వేడి తగ్గిందని పది అనుమానాలొస్తాయి. అదే కొలతపాత్రలో 21.6 లీటర్లు ఉందని రాసి ఉంటే ఒక్క గుణకారంతో తేలిపోతుంది. 19ని 50తో గుణించినా, 21.6ను 44తో గుణించినా దాదాపు 950కే చేరతాం. చక్కెర మొత్తం అందులోనే ఉంది, నీళ్లు సరిపడా మరగలేదు, అంతే. మాల్ట్ అమ్మినవాడి తప్పేమీ లేదు. లీటర్లు రాయకపోతే మాత్రం మరుసటిసారి మాల్ట్ పెంచుతారు, బీరు అనుకున్నదానికంటే ఘాటుగా తయారవుతుంది.

అలాగే పులియడం 1.020 దగ్గర ఆగిపోయిందనుకోండి. మాల్ట్‌ను 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర నానబెట్టినట్టు రాసి ఉంటే, ఈస్ట్ తినలేని చక్కెరలు ఎక్కువ తయారయ్యాయని అర్థం చేసుకోవచ్చు. 65 అని ఉంటే ఈస్ట్‌నే అనుమానించాలి. హైడ్రోమీటర్ వేడి ద్రావణంలో తక్కువ చూపిస్తుంది గనుక, నమూనా ఎంత వేడిగా ఉందో కూడా పక్కనే ఉండాలి.

కొలత అలవాటైతే ఎంత మారుతుందో చరిత్రే చెబుతుంది. ఇంగ్లండ్‌లో జాన్ రిచర్డ్‌సన్ 1784లో హైడ్రోమీటర్ లెక్కలతో పుస్తకం వేశాడు. ధర తక్కువని కొంటున్న ముదురు మాల్ట్ కంటే లేత రంగు మాల్ట్ ఎక్కువ చక్కెర ఇస్తుందని ఇలాంటి లెక్కలతోనే తేలింది. పోర్టర్ అనే ముదురు రంగు బీరు చేసేవాళ్లు లేత మాల్ట్ వైపు మళ్లారు. దాంతో రంగు తగ్గింది. 1817లో డేనియల్ వీలర్ నల్లగా వేయించిన మాల్ట్‌కు పేటెంట్ తీసుకున్నాక ఆ లోటు తీరింది.

గది వేడి కాదు, బీరు వేడి

పులుస్తున్న బీరు తనంతట తాను వేడి పుట్టిస్తుంది. గది 20 డిగ్రీలుంటే పీపాలో రెండు మూడు డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు, అదీ ముఖ్యంగా మొదటి రెండు మూడు రోజులు. ఆ రోజుల్లో వేడి హద్దు దాటితే గొంతులో మండే ఘాటు వస్తుంది. టెక్సస్ వేసవిలో గ్యారేజీలో పీపా పెట్టేవాళ్లకు ఇది ప్రాణప్రదమైన అంకె. పీపాకు అంటించిన థర్మామీటర్‌ను ఉదయం, రాత్రి చూసి గంటతో సహా రాయాలి. చూడని పూట ఖాళీ వదలాలి. అంచనాతో నింపిన గడి ఖాళీ గడి కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

హాప్స్ సంగతి మన ఆవకాయ కారం లాంటిది. ఏ ఏటి మిరపకాయల ఘాటు ఆ ఏటిదే. కాస్కేడ్ రకం హాప్స్ ప్యాకెట్ మీద చేదుకు మూలమైన ఆల్ఫా ఆమ్లం ఒక ఏడాది 5.5 శాతం అని, మరో ఏడాది 7 అని ఉండొచ్చు. ఎన్ని గ్రాములన్నది ఒక్కటే రాస్తే చాలదు. ప్యాకెట్ మీది శాతం, పంట సంవత్సరం కూడా కావాలి, ఆ ముక్క చింపి అంటించినా సరే.

ఇప్పుడు బీర్‌స్మిత్, బ్రూఫాదర్ లాంటి సాఫ్ట్‌వేర్లున్నాయి. లెక్కలకు అవి మంచివే. అయితే రావాల్సిన అంకెను అవే చూపిస్తాయి. వచ్చిన అంకెను మనం చేర్చకపోతే, ఆరు నెలల తర్వాత చూసినప్పుడు అనుకున్నదే జరిగిందని నమ్మేస్తాం. అందుకే పొయ్యి పక్కన తడిసినా ఫర్వాలేదనుకునే కాగితం పుస్తకమే నయమని నా అభిప్రాయం. ఎడమ పేజీలో అనుకున్నది, కుడి పేజీలో జరిగింది.

మూడు గ్లాసులు

ఒక బ్యాచ్‌కూ మరో బ్యాచ్‌కూ మధ్య ఒక్కటే మార్చాలి. ఈస్ట్, హాప్స్, నానబెట్టే వేడి అన్నీ ఒకేసారి మారిస్తే ఎంత రాసినా ఫలితం తేలదు. ఒక్కటి మార్చినా రుచిలో కనిపించిన తేడా నిజమైనదా, కాకతాళీయమా? డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్‌కు ఎదురైన చిక్కూ ఇలాంటిదే, చేతిలో ఉన్న నమూనాలు కొన్నే. తక్కువ నమూనాల నుంచి ఎంతవరకూ నమ్మొచ్చో లెక్కగట్టి 1908లో వ్యాసం రాశాడు. ఉద్యోగులు సొంత పేరుతో ప్రచురించడానికి కంపెనీ ఒప్పుకోకపోవడంతో ‘స్టూడెంట్’ అని సంతకం పెట్టాడు. నేడు ప్రపంచమంతా వాడే టీ-పరీక్షకు మూలం అదే.

ఇంట్లో అంత గణితం అక్కర్లేదు. స్నేహితుడి ముందు మూడు గ్లాసులు పెట్టండి. రెండింట్లో పాత బ్యాచ్, ఒకదాంట్లో కొత్తది. వేరేది ఏదో చెప్పమనండి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు అవకాశం ఉంది కాబట్టి, ఒక్కరి మాట మీద తీర్పు ఇవ్వకండి. ఎంతమంది చెప్పారు, ఎంతమంది సరిగ్గా చెప్పారు, రెండూ రాసుకోండి.

రుచి గురించి ‘బాగుంది’ అన్న మాటతో తర్వాతి బ్యాచ్‌కు ఒరిగేదేమీ లేదు. వెన్న వాసన వస్తే ఈస్ట్ పని పూర్తి కాకముందే బీరు తీసేశారేమో చూడాలి. తడిసిన అట్టముక్క వాసనైతే సీసాల్లో పోసేటప్పుడు గాలి చేరిందేమో చూడాలి. 1985 నుంచి నడుస్తున్న అమెరికా బీరు న్యాయనిర్ణేతల కార్యక్రమం మొత్తం 50 మార్కుల్లో వాసనకు 12, కనిపించే తీరుకు 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10 ఇస్తుంది. ఆ పట్టికనే ఇంట్లోనూ వాడుకోవచ్చు.

ఇలా రాసినవి ఎంతకాలం పనికొస్తాయనే సందేహం వద్దు. విట్‌బ్రెడ్, ట్రూమన్ లాంటి పాత లండన్ కంపెనీల లాగ్ పుస్తకాలు అక్కడి ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. బ్రిటన్‌లోని డర్డెన్ పార్క్ బీర్ సర్కిల్ అనే ఇంటి బీరు బృందం 1970లలోనే అలాంటి పాత రికార్డులు చదివి, కనుమరుగైన బీర్లను తమ వంటిళ్లలో మళ్లీ చేసింది.

మీరు సీసాల్లో పోసేముందు రెండు మూడు రోజుల తేడాతో హైడ్రోమీటర్ చూడండి. అదే అంకె వస్తేనే పోయండి, లేకపోతే సీసాలు పగలవచ్చు. పోసిన రోజే క్యాలెండర్‌లో మూడు తేదీలు వేసుకోండి, మూడు వారాలకు, ఆరు వారాలకు, మూడు నెలలకు. ఒక్కో తేదీ పేరు మీద రెండేసి సీసాలు పక్కన పెట్టి, ఇంటికి ఎవరొచ్చినా వాటిని ముట్టనివ్వకండి.