జ్ఞాపకశక్తికి ఎనిమిది మార్గాలు
పరీక్షల వేళ తల్లిదండ్రులకూ, విద్యార్థులకూ చరకుని ఉపదేశం

ఫాల్గుణ మాసం ప్రవేశించేసరికి పదవ తరగతి, ఇంటర్మీడియట్ చదివే పిల్లలున్న ఇళ్ళలో వాతావరణం మారిపోతుంది. టీవీ మూగబోతుంది. చుట్టపక్కాల రాకపోకలు తగ్గుతాయి. అర్ధరాత్రి దాటినా వంటింట్లో కాఫీ గిన్నె పొయ్యి దిగదు. "మా అబ్బాయి చదివినదంతా మరచిపోతున్నాడండీ, జ్ఞాపకశక్తికి ఏదైనా మంచి మందు చెప్పండి" అని తల్లులు వైద్యులను అడిగే కాలమిది.

ఈ ప్రశ్నలో మాతృహృదయపు ఆరాటం ఉన్నది. దానితోపాటు ఒక భ్రమ కూడా ఉన్నది. జ్ఞాపకశక్తి అంటే సీసాలోనుండి చెంచాతో పోయదగిన వస్తువు అనుకోవడమే ఆ భ్రమ. ఆయుర్వేద మహర్షులు అలా అనుకోలేదు. చరక సంహిత శారీరస్థానం మొదటి అధ్యాయంలో స్మృతి కలగడానికి ఎనిమిది కారణాలు చెప్పబడ్డాయి. అవి నిమిత్తం, రూపగ్రహణం, సాదృశ్యం, సవిపర్యయం, సత్త్వానుబంధం, అభ్యాసం, జ్ఞానయోగం, పునఃశ్రుతం. ఈ ఎనిమిదింటిలో ఒక్కటి కూడా ఔషధం కాదన్న సంగతి గమనించదగినది. ఇవన్నీ మనస్సును ఉపయోగించే పద్ధతులే.

మరి ఇవి నేటి విద్యార్థికి ఎలా ఉపకరిస్తాయి? పొంతన లేనట్లు కనిపించే రెండు పాఠ్యాంశాలను తీసుకుని చూద్దాం. ఒకటి ఇంటర్ భౌతికశాస్త్రంలోని ఎలక్ట్రానిక్స్. రెండవది సాంఘికశాస్త్రంలోని ఆధునిక చరిత్ర. మొదటిది అర్థం కాదని, రెండవది గుర్తుండదని పిల్లలు వాపోతూ ఉంటారు.

ఎనిమిది మార్గాలు

1. నిమిత్తం: కారణాన్ని చూడగానే కార్యం గుర్తుకు రావడం. చరిత్రలోని తేదీలను విడివిడిగా కంఠస్థం చేస్తే అవి తెగిన దండలోని పూసల్లా జారిపోతాయి. "ఎందుకు?" అనే దారంతో గుచ్చితే నిలుస్తాయి. 1919లో రౌలట్ చట్టం వచ్చింది. దానిపై దేశమంతటా నిరసన రేగింది. ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిగాయి. ఆ గాయం 1920లో సహాయ నిరాకరణోద్యమానికి దారి తీసింది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో హింస చెలరేగడంతో గాంధీజీ ఉద్యమాన్ని నిలిపివేశారు. ఇప్పుడు ఇవి అయిదు తేదీలు కావు, ఒకే కథ. ఎలక్ట్రానిక్స్‌లోనూ అంతే. సిలికాన్ పరమాణువు వెలుపలి కక్ష్యలో నాలుగు ఎలక్ట్రానులు ఉంటాయి. అయిదున్న ఫాస్ఫరస్‌ను కలిపితే ఒకటి మిగులుతుంది కనుక అది ఎన్-రకం. మూడున్న బోరాన్‌ను కలిపితే ఒక ఖాళీ ఏర్పడుతుంది కనుక అది పి-రకం. కారణం తెలిసినవానికి ఏది ఏ రకమన్న సందేహం రాదు.

2. రూపగ్రహణం: ఆకారాన్ని మనస్సులో నిలుపుకోవడం. వలయ చిత్రాన్ని పదిసార్లు చూడడం కంటే, పుస్తకం మూసి ఒక్కసారి గీయడం మేలు. డయోడు గుర్తు, ఏకధిక్కారిణి వలయం, లాజిక్ గేట్ల ఆకారాలు చేతికి అలవాటు కావాలి. చరిత్రకు పటమే రూపం. 1930 మార్చి 12న సబర్మతిలో బయలుదేరిన గాంధీజీ ఏప్రిల్ 6న దండి తీరంలో ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించారు. ఆ దారిని గుజరాత్ పటంపై వేలితో గుర్తిస్తే చాలు, పాఠం కళ్ళకు కడుతుంది.

3. సాదృశ్యం: తెలిసిన దానితో పోల్చడం. ఇంట్లోని మోటారు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు నీటిని పైకి పోనిస్తుందే గాని తిరిగి క్రిందికి జారనివ్వదు. డయోడు విద్యుత్తుకు అటువంటి వాల్వు. కొళాయి తలను కొద్దిగా త్రిప్పితే పెద్ద ధార అదుపులోకి వస్తుంది. ట్రాన్సిస్టరులో బేస్ వద్దనున్న స్వల్ప విద్యుత్తు, కలెక్టరు వద్దనున్న అధిక విద్యుత్తును అలాగే అదుపు చేస్తుంది. రెండు పాఠాలను ఒకదానితో ఒకటి ముడివేయవచ్చు కూడా. మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే, డిసెంబరులో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టింది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956లోనే దాని సృష్టికర్తలైన బార్డీన్, బ్రాటెయిన్, షాక్లీలకు నోబెల్ బహుమతి లభించింది.

4. సవిపర్యయం: వ్యతిరేకమైన దానిని చూసి గుర్తు తెచ్చుకోవడం. కాగితాన్ని నిలువునా రెండుగా మడిచి ఎదురెదురుగా వ్రాయాలి. పురోబయాస్‌లో డయోడు ప్రవాహాన్ని పోనిస్తుంది, తిరోబయాస్‌లో దాదాపుగా ఆపివేస్తుంది. ఆండ్ గేటు ఫలితాన్ని తలక్రిందులు చేస్తే నాండ్ గేటు. చరిత్రలో మితవాదులకెదురుగా అతివాదులు. సహాయ నిరాకరణలో ప్రభుత్వానికి తోడ్పడడం మానివేశారు. శాసనోల్లంఘనలో మరొక అడుగు ముందుకు వేసి చట్టాన్నే ధిక్కరించారు.

5. సత్త్వానుబంధం: మనస్సును విషయానికి కట్టివేయడం. సెల్‌ఫోను ప్రక్కన పెట్టుకుని చదివే చదువులో కన్ను పుస్తకం మీద, మనస్సు ఫోను మీద ఉంటాయి. దానిని వేరే గదిలో ఉంచాలి. నలభై అయిదు నిమిషాలు చదివి, పది నిమిషాలు లేచి తిరగాలి. ఆ పది నిమిషాలలోనూ ఫోను చూడరాదు. దూరంగా ఉన్న చెట్టునో, ఆకాశాన్నో చూస్తే కళ్ళకు కూడా విశ్రాంతి.

6. అభ్యాసం: మరల మరల చేయడం. ఒకే రాత్రి పదిసార్లు చదవడం అభ్యాసం కాదు. చదివిన పాఠాన్ని మరునాడు, మూడవనాడు, వారం తర్వాత, పదిహేను రోజుల తర్వాత తిరగవేయాలి. నేర్చిన దానిలో చాలా భాగం మొదటి కొద్ది గంటలలోనే జారిపోతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హౌస్ తనపైనే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రకటించాడు. జాతీయ కాంగ్రెస్ పుట్టిన సంవత్సరమూ అదే. కనుక మరపు జబ్బు కాదు, మనస్సు సహజ లక్షణం.

7. జ్ఞానయోగం: తత్త్వం తెలియడం. మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది. అర్ధతరంగ ఏకధిక్కారిణిలో ఫలిత పౌనఃపున్యం 50, పూర్ణతరంగంలో 100 అని పిల్లలు వల్లె వేస్తారు. మొదటిది తరంగంలో ఒక సగాన్నే వాడుకుంటుందని, రెండవది రెండు సగాలనూ వాడుకుంటుందని గ్రహించినవానికి ఆ అంకెలను బట్టీ పట్టే పని లేదు.

8. పునఃశ్రుతం: కొంచెం వినగానే తక్కినదంతా స్ఫురించడం. ఇక్కడ తల్లిదండ్రుల సహాయం ఎంతో విలువైనది. మీకు ఎలక్ట్రానిక్స్ తెలియనవసరం లేదు. పుస్తకం మీ చేతిలో పెట్టుకుని, "నాన్నా, 1905 అంటే ఏమిటి?" అని అందించండి. బెంగాల్ విభజన, కర్జన్, స్వదేశీ ఉద్యమం, ఆ వెనుక 1907లో రాజమహేంద్రవరానికి బిపిన్ చంద్రపాల్ రాక, అన్నీ ఒక్కొక్కటిగా బయటకు రావాలి. తడబడితే వెంటనే జవాబు చెప్పకుండా ఒక్క మాట మాత్రం అందించండి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే శాస్త్రవేత్తలు చేసిన పరిశోధనలో, మళ్ళీ మళ్ళీ చదివినవారి కంటే పుస్తకం చూడకుండా గుర్తు తెచ్చుకున్నవారికే వారం తర్వాత ఎక్కువ జ్ఞాపకం ఉన్నది.

నిద్రను దొంగిలించకండి

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనేవి శరీరాన్ని నిలిపే మూడు ఉపస్తంభాలని చరకుడు చెప్పాడు. పరీక్షల రోజులలో ముందుగా కూలేది నిద్ర అనే స్తంభమే. పగలు నేర్చినది స్థిరపడడానికి నిద్ర తోడ్పడుతుందని ఆధునిక విజ్ఞానం కూడా చెబుతున్నది. ఈ వయస్సు పిల్లలకు ఎనిమిది నుండి పది గంటల నిద్ర కావాలి. పరీక్షల రోజులలోనైనా ఎనిమిది గంటలకు తగ్గనివ్వకండి. రాత్రి పదింటికి పడుకుని ఉదయం ఆరింటికి లేచినవాని మూడు గంటల చదువు, తెల్లవార్లూ మేల్కొన్నవాని ఆరు గంటల చదువు కంటే మిన్న.

సాయంకాలం నాలుగు దాటిన తర్వాత కాఫీ, టీలు ఇవ్వరాదు. నిద్ర పట్టనివారికి పడుకోబోయే ముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వుల నూనె రాసి అయిదు నిమిషాలు మర్దనా చేయండి. పాదాభ్యంగం నిద్రకు, కళ్ళకు హితమని మన గ్రంథాలు చెబుతున్నాయి. తల్లి చేతి స్పర్శ కలిగించే నెమ్మది దానికి అదనం.

ఆహారం

ఉదయం ఏమీ తినకుండా పరీక్షకు పంపరాదు. ఇడ్లీ, పెసరట్టు, రాగిజావ వంటివి మంచివి. మధ్యాహ్నం పప్పు, ఆకుకూర, ఒక చెంచా నెయ్యి, చివర పలుచని మజ్జిగ. రాత్రి పెరుగు వద్దని చరకుని మాట. ఎండలు ముదిరే రోజులు కనుక అల్లం, కరివేపాకు, ఉప్పు వేసిన మజ్జిగ గాని, నిమ్మరసం గాని పూటపూటా ఇవ్వాలి. బజారు చిరుతిళ్ళు, కొత్త కొత్త వంటకాలు ఈ నెల రోజులూ మానడం క్షేమం.

ఆడపిల్లలు త్వరగా అలసిపోతూ, ముఖం పాలిపోయి, చదువు తలకెక్కడం లేదంటే అది మతిమరపు కాక రక్తహీనత కావచ్చు. రక్తపరీక్ష చేయించండి. తోటకూర వంటి ఆకుకూరలపై నిమ్మరసం పిండితే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతోపాటు కాఫీ, టీలు త్రాగితే ఆ ఇనుము సరిగా అందదు. తరచు తలనొప్పి వచ్చే పిల్లలకు ముందు కంటి పరీక్ష చేయించాలి.

మేధ్య రసాయనాలు

ఇక మూలికల మాట. మండూకపర్ణి అంటే సరస్వతి ఆకు, యష్టిమధు అంటే అతిమధురం, గుడూచి అంటే తిప్పతీగ, శంఖపుష్పి: ఈ నాలుగింటినీ మేధ్య రసాయనాలుగా చరకుడు పేర్కొన్నాడు. రసాయనం అంటే ఓపికతో, నియమంతో సేవించవలసినది. నీటిబ్రాహ్మిపై పెద్దలలో జరిగిన ఆధునిక పరిశోధనలు కూడా చాలావరకు పన్నెండు వారాల పాటు సాగినవే. పరీక్షకు వారం ముందు మొదలుపెట్టి ఫలితం ఆశించడం, కోతల వేళ నాట్లు వేయడం వంటిది.

పైగా కొత్త మందు కొందరికి కడుపు నొప్పి, విరేచనాలు కలిగిస్తుంది. అతిమధురం ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది. తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు వైద్యులు గుర్తించారు. కనుక వైద్యుని సలహా లేకుండా, పరీక్షల ముంగిట ఏ మూలికనూ క్రొత్తగా ప్రారంభించకండి. సరస్వతి ఆకు పచ్చడి ఇంట్లో ముందునుండీ అలవాటు ఉంటే అప్పుడప్పుడు ఒక ముద్ద తినడానికి అభ్యంతరం లేదు.

భయం స్మృతికి శత్రువు

ఇంట్లో చక్కగా అప్పజెప్పిన పాఠం పరీక్ష గదిలో గుర్తు రాకపోవడానికి చాలాసార్లు భయమే కారణం. రోజూ ఉదయం అయిదు నిమిషాలు నిటారుగా కూర్చుని, నెమ్మదిగా గాలి పీల్చి, అంతకంటె నెమ్మదిగా విడవడం అలవాటు చేయండి. ప్రశ్నపత్రం అందిన తర్వాత ఇలా అయిదుసార్లు చేస్తే మనస్సు కుదుటపడుతుంది. ముందుగా తెలిసిన ప్రశ్నకు జవాబు వ్రాయమని చెప్పండి. దానివల్ల ధైర్యం వస్తుంది.

ఈ భయం కొందరిలో ప్రాణాంతకమవుతున్నది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత జరిగిన విద్యార్థుల బలవన్మరణాలు మరువరానివి. పిల్లలు మాటలు తగ్గించినా, తిండి మానినా, "నేను లేకపోతేనే నయం" అన్నా అది అలక అనుకోకండి. వారిని ఒంటరిగా వదలకుండా దగ్గర కూర్చోండి, వైద్యునికి చూపించండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ సహాయ కేంద్రంతో 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. పరీక్ష మళ్ళీ వ్రాయవచ్చు. సప్లిమెంటరీ ఉన్నది అందుకే. ఆ మాట ఫలితాల నాడు కాదు, పరీక్షలకు ముందే పిల్లల చెవిన వేయండి.

మార్కుల పట్టికలో ఏ అంకె వచ్చినా ఇంట్లో తమ స్థానం మారదన్న నమ్మకమే పిల్లలకు మీరు ఇవ్వగల మేధ్య రసాయనం. అది ఏ వయస్సువారికీ, ఏ మోతాదులోనూ వికటించదు.